కౌజు పిట్టల్లో తరం తరానికీ పొదుగు శాతం పడిపోతోందా? ముందు పుంజుల లెక్క చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఒకే హ్యాచరీ నుంచి ఒకే బ్యాచ్ పిల్లలు తెచ్చి మొదలుపెట్టారు. ప్రతి తరంలో బాగా ఎదిగిన 2 పుంజులను, 30 పెట్టలను బ్రీడింగ్‌కి ఉంచుకుని మిగతావి తీసేస్తున్నారు. ఏడాది గడిచేసరికి నాలుగు తరాలు అయ్యాయి. మొదట్లో 100 గుడ్లు పెడితే 75 పిల్లలు వచ్చేవి, ఇప్పుడు 45 దాటడం లేదు. ఇది ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి రక్తసంబంధం ఉన్న పక్షులు జతకట్టడం) వల్లేనా, ఏటా కొత్త పక్షుల్ని తెచ్చుకోక తప్పదా, మందలో ఐదు రంగులున్నాయి కాబట్టి జన్యు వైవిధ్యానికి ఢోకా లేనట్టే కదా అని మీ సందేహాలు.

చివరిదాంతో మొదలుపెడతాను. చాలామంది ధీమాగా కూర్చునేది దాన్ని చూసుకునే. రంగులను చూసి వైవిధ్యం ఉందనుకోవడం నేతి బీరకాయలో నెయ్యి వెతకడమే. ఈకల రంగు ఒకటి రెండు జన్యువుల పని. పిండం ఎదుగుదల, జబ్బుల్ని తట్టుకునే శక్తి, పుంజు వీర్యం నాణ్యత, పెట్ట ఎన్ని నెలలు ఆపకుండా గుడ్లు పెడుతుందన్నది, ఇవన్నీ వందలు, వేల జన్యువుల మీద ఆధారపడతాయి. ఒక తెల్ల పిట్ట, ఒక నల్ల పిట్ట, ఒక పసుపు పిట్ట ముగ్గురూ ఒకే తండ్రి బిడ్డలు కావచ్చు. ఇంకో మాట చెప్పాలంటే, కొత్త రంగు ఎక్కడైనా ఒకటి రెండు పక్షుల్లో బయటపడినప్పుడు దాన్ని నిలబెట్టడానికి వాటి సంతానాన్ని వాటితోనే జతకడతారు. అందుకే అరుదైన రంగు లైన్లు, అంటే ఆ రంగు వంశాలు, జన్యువుల పరంగా సాధారణంగా మరీ ఇరుకైనవి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉండే గోధుమ రంగు మందలో మీ ఐదు రంగుల మందకంటే ఎక్కువ వైవిధ్యం ఉండొచ్చు.

రంగుల మాట వచ్చింది కాబట్టి మీరు తప్పక చూసుకోవాల్సిన విషయం ఒకటుంది. మీ దగ్గర బంగారు పసుపు రంగు పిట్టలు ఉన్నాయన్నారు. పసుపు రంగునిచ్చే ప్రసిద్ధ మార్పు ఒకటి ఏఎస్ఐపీ అనే జన్యువు దగ్గర డీఎన్ఏ ముక్క ఊడిపోవడం వల్ల వస్తుంది. అది తల్లి నుంచో తండ్రి నుంచో ఒకవైపే వస్తే పిల్ల పసుపుగా పుడుతుంది, ఏ ఇబ్బందీ లేదు. రెండు వైపులా వస్తే పిండం గుడ్డులోనే తొలిదశలో చనిపోతుంది. మీ పసుపు పిట్టలు ఈ రకానివే అయితే, పసుపు పుంజును పసుపు పెట్టకు కట్టిన ప్రతిసారీ నాలుగో వంతు పిండాలు పోతాయి. దానికి ఇన్‌బ్రీడింగ్‌తో సంబంధం లేదు, మీ ఇంక్యుబేటర్ తప్పూ కాదు. పసుపును మామూలు గోధుమ రంగుతో కడితే సగం పిల్లలు పసుపువే వస్తాయి, నష్టం ఉండదు. మీ 2 పుంజుల్లో ఒకటి పసుపుదైతే మిగతాదంతా వదిలేసి ముందు దాన్ని మార్చండి.

ఇక ఇన్‌బ్రీడింగ్ సంగతి. మీరు చెప్పిన లెక్కల ప్రకారం దాని వంతు కచ్చితంగా ఉంది. ఎంత అన్నది మీరే తేల్చుకోవచ్చు, ఆ పద్ధతి కింద చెబుతాను. దానికి ముందు, కోళ్ళలో అంత తొందరగా కనబడని నష్టం కౌజు పిట్టల్లో ఎందుకు ఇంత త్వరగా బయటపడుతుందో తెలియాలి.

మొదటి కారణం, తరాలు పరుగెడతాయి. గుడ్డు 17, 18 రోజుల్లో పొదిగి పిల్ల వస్తుంది, ఆ పిల్ల 6, 7 వారాలకే గుడ్లకు వస్తుంది. కోళ్ళలో ఏళ్ళు పట్టే నష్టాన్ని ఇక్కడ ఏడాదిలో చూసేస్తాం. రెండోది, ఈ జాతికి దగ్గరి సంబంధాలు బొత్తిగా పడవు. 1966లో సిట్‌మన్, అబ్‌ప్లనాల్ప్, ఫ్రేజర్ అనే శాస్త్రవేత్తలు దీని మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. వరుసగా అన్నాచెల్లెళ్ళను జతకడుతూ పోతే ఫలదీకరణ, పొదుగు, పిల్లల మనుగడ మూడూ కలిసి పడిపోతాయి. ఆ తర్వాత ప్రయత్నించినవాళ్ళకూ అలాంటి లైన్లను కొన్ని తరాలు నిలబెట్టడమే గగనమైంది. కోళ్ళలో మాత్రం దశాబ్దాలుగా నడుస్తున్న ఇన్‌బ్రెడ్ లైన్లు ఉన్నాయి.

మూడో కారణం చరిత్రలో ఉంది. మనం పెంచేది జపాన్ కౌజు పిట్ట. జపాన్‌లో దీన్ని మొదట పెంచింది గుడ్ల కోసం కాదు, కూత కోసం. 1910 ప్రాంతంలో గుడ్ల కోసం ఎంపిక మొదలై 1940 నాటికి అదో పరిశ్రమ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ మందలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, కూత కోసం పెంచిన పాత లైన్లు కూడా పోయాయి. యుద్ధం తర్వాత మిగిలిన కొద్ది పక్షులతోనూ, చుట్టుపక్కల దేశాల నుంచి తెచ్చారని చెప్పే మరికొన్నింటితోనూ మళ్ళీ మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచంలో ఉన్న గుడ్ల కౌజు పిట్టలు చాలావరకు ఆ మందల సంతతే. అంటే మీ హ్యాచరీవాళ్ళ పక్షులు మీ దగ్గరికి రాకముందే వాటి పూర్వీకులు ఒక ఇరుకు సందులోంచి దాటొచ్చాయి. ఆ ముప్పు ఇప్పటికీ పోలేదు. జపాన్‌లో కౌజు గుడ్ల ఉత్పత్తికి కేంద్రం ఐచి రాష్ట్రంలోని టొయొహాషి. 2009లో అక్కడి ఫారాల్లో హెచ్7ఎన్6 బర్డ్ ఫ్లూ బయటపడి పెద్దఎత్తున పక్షుల్ని చంపాల్సి వచ్చింది. అన్నీ ఒకేచోట ఉంటే ఒక్క జబ్బుతో ఒక జాతి పెంపుడు సంపద ఎంత కుంగిపోగలదో దానితో తెలిసింది. పైగా పశువుల్లోలాగా పిండాల్ని గడ్డకట్టించి దాచుకునే వీలు పక్షుల్లో లేదు. కౌజు పుంజు వీర్యం మరీ కొద్దిగా వస్తుంది, దాన్ని దాచడమూ కష్టమే. బీజకణాల్ని గడ్డకట్టించే పద్ధతులు ప్రయోగశాలలకే పరిమితం. మనలాంటివాళ్ళకు బతికున్న మందే బ్యాంకు.

ఇప్పుడు మీ మంద లెక్క. మందలో ఎన్ని పక్షులున్నాయన్నది కాదు, జన్యువుల దృష్టిలో అవి ఎన్నింటితో సమానం అన్నది చూడాలి. దానికి సూత్రం తేలికే. పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో గుణించి, దాన్ని 4తో గుణించి, మొత్తం పక్షుల సంఖ్యతో భాగించాలి. మీకు 2 పుంజులు, 30 పెట్టలు. 4 × 2 × 30 అంటే 240, దాన్ని 32తో భాగిస్తే 7.5. మీరు మేపుతున్నది 32 పక్షుల్ని, జన్యువుల లెక్కలో ఉన్నది ఏడెనిమిది. ఒక తరంలో ఇన్‌బ్రీడింగ్ ఎంత పెరుగుతుందో తెలియాలంటే 1ని ఆ సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి. 1/15, అంటే తరానికి దాదాపు 6.7 శాతం. నాలుగు తరాలకు 24 శాతం. సొంత అన్నాచెల్లెళ్ళకు పుట్టిన పిల్లలో ఉండేది 25 శాతం. మీరు ఏ అన్నాచెల్లెళ్ళనూ కావాలని కట్టకపోయినా మంద మొత్తం అక్కడికే చేరింది.

ఇది కూడా కాస్త దయతో వేసిన లెక్కే. ఒకే పంజరంలో రెండు పుంజులుంటే బలమైనది రెండోదాన్ని సరిగా తొక్కనివ్వదు. అన్నింటికంటే పెద్దవిగా కనిపించే రెండు పుంజుల్ని ఎంచుకుంటే అవి చాలాసార్లు ఒకే పెట్ట కొడుకులై ఉంటాయి. మొదటి బ్యాచ్ పిల్లలే తోబుట్టువులైతే ఆ భారం అదనం.

పెంపుడు జంతువుల జాతుల్ని కాపాడేవాళ్ళు సాధారణంగా జన్యువుల లెక్కలో వచ్చే ఈ సంఖ్య 50కి తగ్గకూడదంటారు, అంటే తరానికి 1 శాతం. 17 పుంజులు, 50 పెట్టలు ఉంటే అది వస్తుంది. 25 పుంజులు, 25 పెట్టలు ఉన్నా అంతే వస్తుంది. పుంజుల సంఖ్య ఎంత ముఖ్యమో చూడండి. 10 పుంజులు, 10 పెట్టలు ఉన్న చిన్న మంద లెక్క 20. మీ 32 పక్షుల మందకంటే అది రెండున్నర రెట్లు మెరుగు.

అయినా సరే, పొదుగు పడిపోయిన ప్రతిసారీ ఇన్‌బ్రీడింగ్ మీదికి నెట్టేయడం కూడా తప్పే. పరీక్షించండి. ముందు గుడ్లు పగలగొట్టి చూడటం నేర్చుకోవాలి. కౌజు గుడ్డు పెంకు మీద మచ్చల వల్ల క్యాండ్లింగ్ (వెలుగు ఆనించి గుడ్డు లోపల చూడటం) కోడిగుడ్డంత తేలిక కాదు. చీకటి గదిలో సన్నని వెలుగున్న బలమైన టార్చ్‌ను గుడ్డు లావు కొనకు ఆనించి ఏడో రోజున చూడండి. రక్తనాళాలు కనబడనివి పక్కకు తీసి ఒక్కొక్కటిగా తెల్లని పళ్ళెంలోకి కొట్టండి. సొన మీద ఏమీ లేకపోతే పుంజు పని జరగలేదు. నెత్తుటి వలయం గానీ, సన్నటి ఎర్ర గీత గానీ ఉంటే పిండం మొదలై చచ్చింది. ఈ రెండింటినీ 18వ రోజు దాకా ఉంచితే రెండూ ఒకేలా కుళ్ళి కనిపిస్తాయి, అప్పుడు తేడా చెప్పలేం. చివర్లో పొదగనివాటిని కూడా కొట్టి చూసి, పిల్ల ఏ దశలో ఆగిందో రాసుకోండి.

ఖాళీ గుడ్లే ఎక్కువైతే పుంజుల సంఖ్య, వయసు చూడండి. పుంజు తోక కింద ఎర్రగా ఉబ్బిన గ్రంథి ఉంటుంది, మెల్లగా నొక్కితే తెల్లటి నురగ రావాలి. రాకపోతే ఆ పుంజు పనికి రాదు. చావులన్నీ చివరి రెండు మూడు రోజుల్లోనే ఉంటే ముందు తేమ, గాలి, ఉష్ణోగ్రత అనుమానించాలి. మొదటి వారంలోనూ చివర్లోనూ కలిపి, దశ అంటూ లేకుండా పిండాలు పోతూ, వంకర ముక్కులు, మడిచిన కాలివేళ్ళు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే నేను ఇన్‌బ్రీడింగ్ వైపు మొగ్గుతాను. దాణాలో విటమిన్లు తగ్గినా వేళ్ళు మడుచుకుపోతాయి కాబట్టి ఒక్క ఆ లక్షణంతో తీర్పు చెప్పకండి.

తిరుగులేని పరీక్ష వేరే ఉంది. మీ మందతో సంబంధం లేని చోటు నుంచి నాలుగైదు పుంజుల్ని తెచ్చి నెల రోజులు విడిగా ఉంచి ఏ జబ్బూ లేదని చూసుకోండి. తర్వాత 30 పెట్టల్ని రెండు సగాలు చేయండి. ఒక సగానికి మీ పుంజులు, ఇంకో సగానికి కొత్త పుంజులు, రెండువైపులా పుంజుల సంఖ్య సమానంగా. పెట్ట ఒంట్లో పాత పుంజు వీర్యం వారం పది రోజుల దాకా నిలవ ఉంటుంది, అందుకని రెండు వారాలు ఆగి ఆ తర్వాత గుడ్లు ఏరండి. వారం కంటే పాత గుడ్లు వాడకుండా, ఒక్కో వైపు నుంచి వంద దాకా ఒకే ఇంక్యుబేటర్లో, ట్రేల్లో కలగలిపి పెట్టండి. ఖాళీ గుడ్లు తీసేశాక మిగిలినవాటిలో ఎన్ని పొదిగాయో పోల్చండి. కొత్త పుంజుల వైపు స్పష్టంగా పెరిగితే దోషం రక్తసంబంధానిదే. రెండువైపులా ఒకేలా తక్కువగా ఉంటే ఇంక్యుబేటర్నో, దాణానో పట్టుకోవాలి. నాలుగైదు గుడ్ల తేడాకు అర్థమేమీ లేదు.

ఈ పరీక్షలో ఒక మెలిక గమనించండి. సంబంధం లేని పుంజుకు పుట్టిన పిండానికి ఇన్‌బ్రీడింగ్ ఒక్క దెబ్బకు సున్నా అవుతుంది, కాబట్టి పొదుగు వెంటనే లేస్తుంది. తల్లి మాత్రం పాత తల్లే. గుడ్లు తక్కువ పెట్టడం, పెంకు పలచబడటం లాంటివి ఆ పెట్టల్లో మారవు, వాటి కూతుళ్ళలో మారతాయి. కొత్త పుంజుల్ని తెచ్చినా గుడ్ల సంఖ్య పెరగలేదని నెలకే పెదవి విరిచేవాళ్ళు ఎక్కువ. అది తొందరపాటు.

మరి ముందు ముందు ఎలా నడపాలి? తినే గుడ్ల పెట్టల్ని, బ్రీడింగ్ మందను పూర్తిగా విడదీయండి. తినే గుడ్లకు పుంజే అక్కర్లేదు, ఆ పెట్టలు ఎవరి పిల్లలైనా నష్టం లేదు. బ్రీడింగ్‌కి 6 పంజరాలు చాలు, ఒక్కోదాంట్లో 1 పుంజు, 3 పెట్టలు. మొత్తం 24 పక్షులు, ఇప్పటికంటే తక్కువే. తరం మారేటప్పుడు ప్రతి పుంజు నుంచి ఒక కొడుకును, ప్రతి పెట్ట నుంచి ఒక కూతుర్ని ఉంచుకోవాలి. కూతుళ్ళు పుట్టిన పంజరంలోనే ఉంటాయి, కొడుకు పక్క పంజరానికి వెళ్తుంది. ఒకటో పంజరం కొడుకు రెండుకి, రెండోది మూడుకి, ఆరోది ఒకటికి. మామూలుగా 6 పుంజులు, 18 పెట్టలంటే తరానికి 2.8 శాతం పెరగాలి. ప్రతి కుటుంబానికీ సమాన వాటా ఇవ్వడం వల్ల అది దాదాపు 1.7కి దిగుతుంది. అదనపు ఖర్చు లేకుండా వచ్చే లాభం ఇది.

చిక్కల్లా మనసు ఒప్పుకోవడంలో ఉంది. మూడో పంజరం పిల్లలన్నీ బలంగా, ఐదోదానివి నీరసంగా ఉన్నప్పుడు మూడోదాంట్లోంచే నాలుగు పుంజుల్ని ఉంచేసుకుందామని చెయ్యి పీకుతుంది. ఎంపిక మానక్కర్లేదు, కానీ అది కుటుంబం లోపలే జరగాలి. ఐదో పంజరం కొడుకుల్లో అన్నింటికంటే మేలైనదాన్ని తీసుకోండి. పొదుగు, ఫలదీకరణ లాంటి లక్షణాలు వంశపారంపర్యంగా అంత బలంగా దిగవు, పక్షిని చూసి ఎంచుకుంటే పెద్దగా మెరుగుపడవు. అదే లక్షణాలు ఇన్‌బ్రీడింగ్‌కి మాత్రం అందరికంటే ముందు దెబ్బతింటాయి. గుడ్డు బరువు, శరీర బరువు ఇందుకు వేరు, అవి ఎంపికకు బాగా లొంగుతాయి.

ఏ గుడ్డు ఏ పెట్టది అని ఎలా తెలుస్తుందంటారా? ప్రతి కౌజు పెట్టకూ తనదైన పెంకు మచ్చల తీరు ఉంటుంది, రోజూ ఇంచుమించు అదే తీరులో పెడుతుంది. ఒకదానివి పెద్ద నల్ల మరకలు, ఇంకోదానివి సన్నటి గోధుమ చుక్కలు, మరోదానికి లేత పసుపు నేల. పంజరానికి మూడే పెట్టలు కాబట్టి వారం రోజులు గుడ్లు పక్కపక్కన పేర్చి చూస్తే కన్ను పట్టేస్తుంది. రెండు పెట్టల తీరు మరీ దగ్గరగా ఉంటే ఒకదాన్ని వేరే పంజరంలోకి మార్చండి. పెన్సిల్‌తో గుడ్డు మీద పంజరం నంబరు, పెట్ట అక్షరం రాయండి. 15వ రోజున గుడ్లు తిప్పడం ఆపినప్పుడు ఒక్కో పెట్ట గుడ్లను వేరే వల సంచిలో పెడితే పిల్లలు కలిసిపోవు. పుట్టినప్పుడు పిల్ల బరువు 7, 8 గ్రాములే, కాలికి వేసిన రింగు వారంలో బిగుసుకుంటుంది. చూసి మారుస్తూ ఉండాలి, లేకపోతే కాలు పోతుంది.

ఇంకో సులువైన పని, తరాలు తగ్గించండి. 6 వారాలకు గుడ్లకొచ్చాయి కదాని వెంటనే వాటి పిల్లల్ని బ్రీడర్లు చేయాల్సిన పని లేదు. 10 వారాల నుంచి 6 నెలల వయసు దాకా ఫలదీకరణ బాగుంటుంది. ఆ చివర్లో తరం మారిస్తే ఏడాదికి నాలుగు కాకుండా రెండే. అప్పుడు ఏడాదికి పెరిగేది 3.5 శాతానికి లోపు. ఇప్పుడు మీది 24.

కాబట్టి ఏటా కొత్త పక్షులు అక్కర్లేదు. మీరున్న స్థితిలో ఒకసారి మాత్రం తప్పదు, ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒకసారి చాలు. తెచ్చేటప్పుడు మూడు చోట్ల నుంచి పొదిగే గుడ్లు తేవడం నాకు నచ్చిన పద్ధతి. పెద్ద పక్షులతో వచ్చే జబ్బులు కొంతవరకు తప్పుతాయి. సాల్మొనెల్లా, మైకోప్లాస్మా లాంటివి గుడ్డులోంచి కూడా రాగలవు కాబట్టి ఆ పిల్లల్నీ విడిగానే పెంచాలి. మూడు హ్యాచరీలూ ఒకే చోట నుంచి బ్రీడర్లు తెచ్చుకుని ఉంటే మీరు పడిన శ్రమంతా వృథా, అందుకే వాళ్ళ పక్షులు ఎక్కడివో, ఎన్ని పుంజులు వాడుతున్నారో అడగండి. మాంసం కోసం పెంచిన భారీ లైన్ పుంజుల్ని మాత్రం గుడ్ల మందలో కలపకండి. పిల్లలు గుండ్రంగా ముచ్చటగా వస్తాయి, మేత ఎక్కువ తింటాయి, గుడ్లు తగ్గుతాయి. దాన్ని విడగొట్టుకోవడానికి మళ్ళీ ఎన్నో తరాలు.

అడవి పక్షుల రక్తం కలిపితే బాగుంటుంది కదా అని ఎవరో సలహా ఇచ్చారని రాశారు. వద్దు. అడవి జపాన్ కౌజు పిట్ట ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ముప్పు అంచున ఉన్న జాతి, జపాన్‌లో దాని వేటనే ఆపేశారు. పెంపకం పరంగా కూడా ఆ పిట్ట బెదురు, రుతువును బట్టి మాత్రమే గుడ్లు పెట్టే స్వభావం మందలోకి వచ్చేస్తాయి. మిగిలిపోయిన పెంపుడు పిట్టల్ని పొలాల్లో వదిలేయడమూ అంతే తప్పు. ఐరోపాలో వేట కోసం వదిలిన పెంపుడు పిట్టలు అక్కడి అడవి కౌజు పిట్టలతో కలిసి సంకరం కావడం పెద్ద తలనొప్పి అయింది.

పసుపుదైతే తప్ప మీ 2 పుంజుల్లో దేన్నీ ఇప్పుడే తీసేయకండి, పరీక్షకు కావాలి. ఈలోగా ఇంక్యుబేటర్లో ఉన్న బ్యాచ్‌లో ఖాళీవి ఎన్ని, మొదటి వారంలో పోయినవి ఎన్ని, చివర్లో పోయినవి ఎన్ని, పసుపు పుంజు ఉందా లేదా అన్నది ఇక్కడే రాయండి. బ్రీడర్ల వయసు, గుడ్లు ఎన్ని రోజులు నిలవ ఉంచారో కూడా చెప్పండి. అవి చూస్తే మీ 30 శాతం నష్టంలో దేని వాటా ఎంతో దాదాపుగా చెప్పొచ్చు.